డిప్పర్ మాట, రేడియో మాట

భావనపాడు పోర్టుగా మొదలై ఇప్పుడు మూలపేట పోర్టుగా పేరు మారిన రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మొదటి దశలో నాలుగు బెర్తులు, ఏడాదికి 2.35 కోట్ల టన్నుల సరుకు అన్నది ప్రణాళిక. అందులో సగం రైలెక్కి సగమే రోడ్డెక్కినా, లారీకి 25 టన్నుల చొప్పున రోజుకి సుమారు 1,300 లోడు లారీలు అవుతాయి. ఖాళీ బండ్ల రాకపోకలు ఇందులో కలపలేదు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని ఈ మూల ఇంతవరకూ ఎరిగినవి ఉప్పు లారీలు, చేపల ఆటోలు, టెక్కలి బస్సు, మోటారు సైకిళ్ళు, నడిచే మనుషులు.

రేపు ఇక్కడ తిరగబోయే బండ్లకు ఒకదానితో ఒకటి రేడియోలో మాట్లాడుకునే ఏర్పాటు కావాలా, వద్దా? ఈ వాదన పెట్టుకున్నవాళ్ళు ఇద్దరు. ఒకరు కోల్‌కతా–చెన్నై రోడ్డు మీద ఏళ్ళ తరబడి లారీ తోలి, ఇప్పుడు భావనపాడులో ఇంటిపట్టున ఉంటున్న మేనమామ. రెండోవారు హైదరాబాద్‌లో వాహనాల వైర్‌లెస్ పరికరాల మీద పనిచేసే మేనకోడలు. పేర్లు అక్కర్లేదు, వరసలు చాలు.

మావయ్య: బండ్లు మాటాడుకోవడం కొత్తేటి తల్లీ? హౌరాకి సేపల లోడు ఏసుకొని ఎల్లినప్పుడు రాత్రంతా మాటాడుకుంటానే ఎల్లీవోళ్ళం. ఎదటోడు డిప్పర్ గబగబా కొట్టాడంటే ముందర ఏదో ఉందని. ముందర లారీవోడు కుడి ఇండికేటర్ ఏశాడంటే దాటిపో అని. రివర్సులో క్లీనర్ గుంటడు బాడీ మీద ఒక్క దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే రానీమని. ఏ ఇంజినీరూ మాకు నేర్పలేదు.

కోడలు: అక్కడే పట్టుకుంటాను మావయ్యా. కుడి ఇండికేటర్ వేస్తే దాటిపో అని నువ్వంటావు. రూలు ప్రకారం దానర్థం నేను కుడికి తిరుగుతున్నానని. వెనక ఉన్న కొత్త కుర్రాడు దాటబోయాడు, ముందరివాడు నిజంగానే కుడికి తిప్పాడు. అప్పుడేం కావాలి? నేను చెప్పే పద్ధతిలో ప్రతి బండీ సెకనుకు 10 సార్లు ఒక చిన్న కబురు పంపుతుంది. ఇక్కడున్నాను, ఇంత వేగంలో ఉన్నాను, ఇటు పోతున్నాను, బ్రేకు తొక్కాను. అంతే. చుట్టూ మూడు వందల మీటర్లలో, రోడ్డు తెరిపిగా ఉంటే ఇంకా దూరంలో ఉన్న బండ్లన్నీ అది వింటాయి. మంచులో నీ డిప్పర్ కనపడదు. కబురు మాత్రం అందుతుంది.

మావయ్య: టవర్ ఉన్నన్నాళ్ళూ అందుతాది. 2018 అక్టోబర్ 11న తితిలీ వొచ్చినప్పుడు నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు. తెల్లారకుండానే తీరం దాటినాది. ఉద్దానంలో కొబ్బరి సెట్టూ జీడి సెట్టూ పడుకున్నాయి, కరెంటు స్తంభాలు పడుకున్నాయి, వాటితోపాటే సెల్‌ఫోన్లూ మూగబోయాయి. బతికున్నామని మీ అమ్మకి సెప్పడానికి మాకు దారి లేదు.

కోడలు: టవర్ అవసరం లేనిదే ఇది. బండి నుంచి బండికి నేరుగా వెళ్తుంది, 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి వైఫై కుటుంబానిది, దానికి 2010లో ప్రమాణం వచ్చింది. రెండోది సెల్‌ఫోన్ల కుటుంబానిది, 2017లో వచ్చింది. ఆ రెండోదాంట్లో కూడా పక్కపక్క బండ్లు మాట్లాడుకోవడానికి సిమ్ అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు. తుఫాను మర్నాడు రోడ్డుకి అడ్డంగా చెట్టు పడి ఉంటే, మొదట ఆగిన బండి వెనకవాటికి చెప్పగలదు.

మావయ్య: మరి అంత మంచిదైతే అమెరికావోళ్ళందరూ పెట్టీసుకొని ఉండాల.

కోడలు: పెట్టుకోలేదు. నీ దగ్గర దాచను. 1999లోనే అక్కడి ప్రభుత్వం దీనికోసం 75 మెగాహెర్ట్జ్ స్థలం పక్కన పెట్టింది. ఇరవై ఏళ్ళు గడిచినా కంపెనీలు బండ్లలో పెద్దగా బిగించలేదు. 2020లో అందులో 45 వెనక్కి తీసుకొని వైఫైకి ఇచ్చేశారు. జపాన్‌లో కొంత నడుస్తోంది. 2015 నుంచి కొన్ని టయోటా బండ్లలో 760 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టారు. ఆ తరంగం కాస్త పొడవు కాబట్టి గోడల మూలలు బాగా తిరుగుతుంది. మన దగ్గర 2022లో ఐఐటీ హైదరాబాద్, మారుతీ సుజుకీ కలిసి నడిపి చూపించాయి. అంబులెన్స్ వస్తోందని, ఎవరో రాంగ్ రూట్లో వస్తున్నారని, ముందు మనిషి ఉన్నాడని బండికి ముందే తెలిసేటట్టు.

మావయ్య: ఇరవై ఏళ్ళు ఎందుకు బిగించలేదో అది సెప్పు.

కోడలు: ఒక్కడు కొంటే లాభం లేదు, అందుకని. ఎదురుపడ్డ రెండు బండ్లలోనూ ఉంటేనే పనిచేస్తుంది. రోడ్డు మీద పదింట ఒక బండికి ఉందనుకో, ఎదురుపడ్డ జంట రెండింటికీ ఉండే అవకాశం నూటికి ఒకటి. డబ్బు ముందు పెట్టాలి, ఫలం ఎప్పటికో వస్తుంది. ఏ కంపెనీ అయినా పక్కవాడు మొదలుపెట్టాక చూద్దామనుకుంటుంది.

మావయ్య: నువ్వే నా పక్కకి వొచ్చీసినావు.

కోడలు: ఇంకా రాలేదు. 2023 అక్టోబర్ 29 సాయంత్రం కంటకాపల్లి–అలమండ మధ్య ఏం జరిగిందో నీకు నేను చెప్పక్కర్లేదు. విశాఖ–పలాస పాసింజర్ ముందు వెళ్తోంది. రాయగడ పాసింజర్ వెనక నుంచి వచ్చి గుద్దింది. 14 మంది పోయారు. ఆ పలాస బండి మనవాళ్ళ బండి. రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ళు పాడయ్యాయి. అలాంటప్పుడు ఒక్కో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, గంటకి 10 కిలోమీటర్లకు మించకుండా పోవాలని నిబంధన. వెనక బండి అలా పోలేదని ప్రాథమిక విచారణలో తేలింది. అప్పటికి ఆ దారిలో కవచ్ లేదు. కవచ్ అంటే పట్టాల మధ్య పాతిన ట్యాగులు, స్టేషన్‌కీ ఇంజనుకీ మధ్య రేడియో. డ్రైవరు తప్పితే బ్రేకు తనే వేస్తుంది. చాలా ఏళ్ళుగా దాన్ని పరీక్షించింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే, లింగంపల్లి–వికారాబాద్ వైపు. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య ఎదురెదురుగా పెట్టి నడిపిన ఇంజన్లలో ఒకదాంట్లో రైల్వే మంత్రే కూర్చున్నారు. రెండోదానికి 380 మీటర్ల దూరంలో అది ఆగింది. తెలంగాణ పట్టాలకి ఉన్నది ఆ రోజు విజయనగరం పట్టాలకి లేకపోవడానికి కారణం ఏం చెప్తావు?

మావయ్య: దానికి నా కాడ మాట లేదు. మనిషి తప్పినప్పుడు ఆపీది ఒకటి ఉండాల. రైలుకి అది ఉండి తీరాల. కానీ రైలుకీ రోడ్డుకీ పోలిక ఎట్టకు. పట్టాకి ఒక్కడే యజమాని. ఆ పట్టా మీద ఏది తిరగాలన్నా అతని సీటీ ఉండాల, అతని మనిషే తోలాల. కవచ్ లేని ఇంజన్ని ఎక్కనివ్వనంటే ఎక్కనివ్వడు. రోడ్డు మీద? ట్రాక్టర్ ఉంటాది, గేదె ఉంటాది, తాగి పడుకున్నోడు ఉంటాడు. ఏ ఒక్కడి మాటా అందరూ వినరు.

వాదనలో అసలు ముడి ఇక్కడుంది. రెండు చోట్లా పనిచేసేది రేడియో కబురే. రైలు దగ్గర దానికి బ్రేకు మీద అధికారం ఉంది, తప్పించుకునే దారి ఎవరికీ లేదు. రోడ్డు మీదికి వచ్చేసరికి అది కూత పెట్టి ఊరుకుంటుంది. వాహనాల నెట్‌వర్కుల గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువమంది సెకనులో ఎన్నో వంతులో కబురు చేరుతుందని లెక్క చెప్తారు. చేరాక ఏమవుతుందన్నది మావయ్య అడుగుతున్నాడు.

మావయ్య: రోడ్డు మీద అది ఒట్టి కూతే కదా తల్లీ, ఆ కూత వినీదెవడు? ఐసు కరిగిపోతాది, సేప పాడైపోతాది, బేగి రా అని ఓనరు ఫోను. రెండు రాత్రులు కన్ను మూయకుండా తోలినోడు తెల్లారగట్ల మూడింటికి స్టీరింగ్ మీద ఉంటాడు. రోజుకి ఎనిమిది గంటలే తోలాలని 1961 నుంచీ చట్టం ఉందట. ఆ చట్టం ఏ లారీ ఎక్కిందో నాకు అగుపడలేదు. నిద్దరోయినోడి సెవిలో నీ పరికరం సెకనుకి పదిసార్లు కాదు, వందసార్లు అరిసినా ఒకటే.

కోడలు: అందుకే కూతతో ఆపొద్దంటున్నాను. ఏ బండి ఎన్ని గంటలు ఆగకుండా నడిచిందో ఆ పరికరమే చెప్తుంది. అది ఓనరు మెడకు చుట్టుకోవాలి. ఇప్పుడు తప్పంతా డ్రైవరుదే అని రాసేస్తున్నారు, ఫోన్ చేసి తొందరపెట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు.

మావయ్య: రాస్తారా అలాగని? నాను సూసినవి సెప్తాను. లారీకి స్పీడ్ గవర్నర్ బిగించమన్నారు. ఫిట్‌నెస్ రోజున బంగారంలా పనిసేస్తాది, మర్నాడు వైరు పీకీస్తారు. 2019 జనవరి నుంచి కొత్త బస్సులకీ ట్యాక్సీలకీ ట్రాకరు, ఆపదలో నొక్కడానికి ఎర్ర బటనూ ఉండాలన్నారు.

కోడలు: ఏఐఎస్-140 ప్రమాణం.

మావయ్య: అదే. మంచి ఆలోసనే. మనూరి ట్యాక్సీ గుంటడు మొన్న ఆ బటన్ సూపించి, నొక్కితే ఏటవుతాదో తనకే తెలీదన్నాడు. అందులో సిమ్ గడువు అయిపోయి ఎన్నాళ్ళయిందో కూడా తెలీదు. ఫాస్టాగ్ మాత్రం సూడు, ఒక్కనాడు ఆగదు. మడపాం టోల్ గేటు కాడ బండి నిలవకుండానే డబ్బులు పోతాయి. 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి సేశారు, అయిపోయింది. డబ్బు లాగీ రేడియో పనిసేస్తాది, పేనం కాపాడీ రేడియో మూలపడతాది. ఎందుకంటావు?

కోడలు: ఫాస్టాగ్‌కి బ్యాటరీ లేదు, పాడవడానికి ఏమీ లేదు. అద్దం మీద అతికించిన కాగితం లాంటిది, గేటు దగ్గర యంత్రం పంపిన తరంగంతోనే బతుకుతుంది. కానీ నీ ప్రశ్నకి అది జవాబు కాదని నాకూ తెలుసు. ఫాస్టాగ్ ఆగిపోతే నష్టపోయేవాడు గేటు దగ్గరే కూర్చుని ఉంటాడు, వెంటనే బాగు చేయిస్తాడు. బటన్ ఆగిపోతే నష్టపోయేది వెనక సీట్లో కూర్చున్న ఆడపిల్ల.

మావయ్య: అద్గదీ.

కోడలు: అయినా ఈ దేశంలో 2022 ఒక్క ఏడాదే రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. ఇదీ సర్కారు లెక్కే. పరికరాలు మూలపడతాయని ఊరుకుంటే ఆ అంకె అలాగే ఉంటుంది.

మావయ్య: అందులో ఎవరెవరున్నారో అది కూడా సెప్పు.

కోడలు: నూటికి 44 మంది మోటారు సైకిళ్ళు, స్కూటర్ల మీదివాళ్ళు. 19 మందికి పైగా నడిచేవాళ్ళు.

మావయ్య: అంటే మూడొంతుల్లో రెండొంతులు నీ రేడియో లేనోళ్ళే. నౌపడ రోడ్డు మీద సీకటితో గంప నెత్తినెట్టుకొని ఆటో కోసం నిలబడీ ఆడోళ్ళకి ఏటి బిగిస్తావు? గంపకా, తలకా? నా బయం ఇదీ. బండ్లన్నీ ఒకదాన్నొకటి ఇనడం మొదలెట్టాక, ఇనపడనిది లేనట్టే అని డ్రైవరుకి అలవాటైపోతాది. స్క్రీన్ మీద ఏటీ లేదు, అంటే రోడ్డు మీద ఏటీ లేదు. ఇప్పుడు కాసింత బయంతో తోలీవోడు అప్పుడు నిర్బయంగా తోలతాడు. ఇనపడని మనిషి ముందుకన్నా ఎక్కువ పమాదంలో పడతాడు.

కోడలు: ఈ మాట మా ఆఫీసులో ఒక్కరూ ఇంత సూటిగా అనలేదు. దానికి జవాబుగా మేం చేస్తున్నదొకటుంది. రోడ్డు పక్కన స్తంభం పాతి, దానికి కెమెరా, రాడార్ పెడతాం. దగ్గర ఏ పరికరమూ లేని మనిషిని ఆ స్తంభం చూస్తుంది. ఆ మనిషి తరఫున అదే కబురు పంపుతుంది, ఇక్కడ ఒకరున్నారని. లారీయే పంపొచ్చు కూడా. ముందు కంటైనర్ ఉంటే వెనకవాడికి ఏమీ కనపడదు, పైగా 5.9 గిగాహెర్ట్జ్ ఇనుప పెట్టెలోంచి దూరి పోయే తరంగం కాదు. అందుకని కంటైనర్ తనకి కనపడిందంతా వెనకవాడికి చెప్పాలి.

మావయ్య: ఉప్పుగాలి సంగతి తెలుసా? నౌపడ ఉప్పుమడుల పక్కన సైకిల్ బెల్లు ఏడాది ఆగదు. నీ స్తంభం మీద కెమెరా అద్దం తుడిసీదెవడు? వీధిదీపం పోతేనే నెలల తరబడి ఎవడూ రాడు.

కోడలు: స్తంభం మూగబోతే వెంటనే తెలిసేటట్టు చేయొచ్చు. దాని నుంచి కబురు రాకపోతే అక్కడికి వచ్చిన ప్రతి లారీ తనంతట తనే గంటకి 30 కిలోమీటర్లకి తగ్గాలి. సమాచారం లేకపోతే ప్రమాదం ఉన్నట్టే లెక్క. రైల్వే సిగ్నల్‌లో ఎప్పటినుంచో ఉన్న సూత్రం అదే.

మావయ్య: ఇది బాగుంది. కానీ దొంగ కబురు పంపితే? రోడ్డు మీద ఎవడూ లేకపోయినా బ్రేకు తొక్కాను, బ్రేకు తొక్కాను అని ఒకడు అరుస్తా కూకుంటే?

కోడలు: ప్రతి కబురుకీ సంతకం ఉంటుంది. ముద్ర లేని కబురును బండి పక్కన పడేస్తుంది.

మావయ్య: లైసెన్సుకీ ముద్ర ఉంటాది తల్లీ. ముద్ర ఉన్నోళ్ళందరికీ తోలడం వొచ్చేటి?

కోడలు: రాదు. ఎవరు పంపారో సంతకం చెప్తుంది, పంపింది నిజమో కాదో చెప్పదు. సెన్సార్ చెడిపోతే అబద్ధానికి కూడా శుభ్రమైన సంతకం పడుతుంది. అందుకే పక్క బండ్లు చెప్పేదానితో పోల్చి చూడాలి. ఇందులో ఇంకా చేయాల్సిన పని చాలా ఉంది.

మావయ్య: మరి నాను ఎక్కడెక్కడ తిరిగానో నీ సంతకాల్లో తెలిసిపోదా? మా తమ్ముడిది అదే గోల.

తమ్ముడిది సముద్రంలో చేపల వేట. అతని గోల పడవకు బిగించే పెట్టె గురించి. పడవలకు శాటిలైట్ ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే పథకాన్ని ప్రధాని 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రారంభించారు. 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష పడవలకు ఇవ్వాలని లక్ష్యం. పరికరం ఇస్రో తయారుచేసింది, బిగింపు ఉచితం. ఒడ్డు కనపడని చోట నుంచి కూడా అటూ ఇటూ చిన్న కబుర్లు పంపుకోవచ్చు, సరిహద్దు దగ్గరికి పోతే హెచ్చరిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి వలస వెళ్ళి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కిన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ పడవల్లో ఇలాంటిది ఉండి ఉంటే అని ఈ తీరంలో అనుకోని ఇల్లు లేదు. అలాగని వేటగాడి అభ్యంతరం తీసిపారేసేది కాదు.

మావయ్య: సేప ఎక్కడ పడతాదో ఆడు పిల్లలకి కూడా సెప్పడు. ఇప్పుడు పెట్టి అన్నీ సెప్పీస్తాదని ఆడి బయం. తుపానులో పిలవడానికి కావాల, వేటలో నోరు మూసుకోవాల అంటాడు. నాకూ రోడ్డు మీద అదే కావాల.

కోడలు: రోడ్డు మీద దానికి ఒక దారి కనిపెట్టారు. సంతకం అస్తమానం ఒకటే ఉండదు. అమెరికా వాళ్ళ నమూనాలో ఐదేసి నిమిషాలకు మారిపోతుంది. పక్క బండికి నువ్వు ఎవరో ఒక లారీవి, అంతే. కానీ ఓనరు గంటలు లెక్కపెట్టాలంటే బండి ఎవరిదో తెలియాలి. రెండూ ఒకే పెట్టెలో పెట్టకూడదు. రోడ్డు మీద అరిచేది వేరు, గేటు దగ్గర చూపించేది వేరు.

మావయ్య: గేటా?

కోడలు: పోర్టు గేటు. రోడ్డుకి ఒక్క యజమాని లేడన్నావు కదా. దేశంలో రోడ్లన్నిటికీ లేడు, నిజమే. కానీ జాతీయ రహదారి నుంచి పోర్టుకి వేసే రోడ్డు చివర ఒక గేటుంది. పోర్టుకి సరుకు తెచ్చే ఏ లారీ అయినా అక్కడ పాసు తీసుకోవాల్సిందే. పరికరం పనిచేయని లారీకి పాసు లేదు అంటే చాలు. మొదటిరోజు నుంచే నూటికి నూరు లారీలకి ఉంటుంది, నూటికి ఒకటి అన్న లెక్క ఇక్కడ చెల్లదు. మధ్యలో ఊళ్ళున్న చోట స్తంభం 30 అంటే లారీ 30 దాటలేదు. కూత కాదు, ఇంజనే ఒప్పుకోదు. ఎక్కడైనా దాటిందా, తిరిగొచ్చేసరికి గేటు తెరుచుకోదు.

మావయ్య: అంటే నడిసీ మనిషికి ఏటీ బిగించవు?

కోడలు: ఏమీ బిగించను. ఆ ఆడవాళ్ళు ఫోన్ కొనక్కర్లేదు, యాప్ పెట్టుకోనక్కర్లేదు. బరువు మోసేవాడే భారం మోయాలి, 25 టన్నులు వేసుకొచ్చేవాడు.

నా మటుకు నేను ఈ మాట దగ్గర మేనకోడలి పక్షం. జాగ్రత్తపడే పని నడిచేవాళ్ళకు అప్పగించే ఏ నెట్‌వర్కూ ఈ ఊరికి అక్కర్లేదు. అయితే మావయ్య అడిగిన మరమ్మతు ప్రశ్న అలాగే ఉండిపోయిందని కూడా చెప్పాలి. గేటు పెట్టినవాడికి లారీలు ఆగడం నష్టం. ఓడ రేవులో నిలబడి ఉంటే, పరికరం పాడైన లారీని నిజంగా వెనక్కి పంపుతారా?

మావయ్య: పంపరు. రెండ్రోజులు పంపుతారు, మూడోనాడు పోనీ అంటారు.

కోడలు: అందుకని ఏ రోజు ఎన్ని లారీలు 30 దాటాయి, ఎన్ని స్తంభాలు మూగబోయాయి అన్న లెక్క పోర్టువాళ్ళ దగ్గర ఉండిపోకూడదు. పంచాయతీ ఆఫీసు గోడ మీద బోర్డు పెట్టి రాయాలి. బండి నంబర్లు వద్దు, అంకెలు చాలు. నువ్వూ, ఆ గంపల వాళ్ళూ చూసేటట్టు.

మావయ్య: ఓనర్ల పేర్లు రాయాల.

కోడలు: ఓనర్ల పేర్లు రాయడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో కనుక్కోవాలి.

మావయ్య: కనుక్కో. ముందు ఆ గేటు పాసు షరతులు తెలుగులో రాసి తే, డ్రైవరుకి అర్థమయ్యేటట్టు. కింద సంతకం ఓనరుది ఉండాల, డ్రైవరుది కాదు. పరికరం పాడైనందుకు బండి ఆగిపోతే ఆ రోజు బత్తా డ్రైవరుకి ఓనరే ఇవ్వాల, అది కూడా రాయి. ఈ రెండు ముక్కలూ ఉంటే టెక్కలి నుంచి పలాస దాకా నాకు తెలిసిన లారీవోళ్ళందర్నీ నానే కూకోబెట్టి మాటాడతాను. అవి లేవా, నీ స్తంభాలు నువ్వే పాతుకో, నువ్వే తుడుసుకో.